టీనేజీ అమ్మాయిల నెలసరి మీద థీసిస్ చేయబోతున్నారా?

థీసిస్ టాపిక్‌లు ఇచ్చే నెల రాగానే మా గైనిక్ డిపార్ట్‌మెంట్‌లో ఒకరిద్దరు పీజీలు నా గది ముందు నిలబడతారు. "మేడమ్, అడాలసెంట్ గైనిక్‌లో ఏదైనా ఇవ్వండి" అంటారు. సులువుగా అయిపోతుందని వాళ్ళ నమ్మకం. ఆపరేషన్ ఉండదు, కాంప్లికేషన్ ఉండదు, రాత్రి రెండింటికి లేబర్ రూమ్ నుంచి ఫోన్ రాదు. ఒక ప్రశ్నావళి, ఒక గురుకులం, నాలుగు వందల మంది అమ్మాయిలు, రెండు శనివారాలు. అంతే కదా అనుకుంటారు.

నేనూ అలాగే అనుకున్నాను. పీజీలో ఉండగా చేసిన మొదటి సర్వేలో ఒక తరగతిలోని అరవై మందికి కాగితాలు పంచి, టీచర్ కుర్చీలో కూర్చుని చూస్తుండగానే నింపించాను. నెలసరిలో ఏమైనా ఇబ్బంది ఉందా అన్న ప్రశ్నకు యాభై ఎనిమిది మంది "లేదు" అని టిక్కు పెట్టారు. ఇద్దరు ఖాళీగా వదిలేశారు. కాగితాలు సర్దుకుని బయటికి వస్తుంటే గేటు దగ్గర ముగ్గురు ఆపారు. "మేడమ్, కడుపుల బాగ నొస్తది, మందేమన్న ఉన్నదా?" లోపల "లేదు" అని పెట్టినవాళ్ళలో ఆ ముగ్గురూ ఉన్నారు. ఇచ్చేందుకు నా సంచిలో పెన్నులు తప్ప ఏమీ లేవు.

ఆ కాగితాలు పక్కన పడేశాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పీజీకి ఒక పని చెబుతాను. ప్రశ్నావళిలో ప్రతి ప్రశ్న పక్కన ఒక గడి గీయండి. ఆ ప్రశ్నకు చెడ్డ జవాబు వస్తే అదే రోజు మీరేం చేస్తారో అందులో రాయండి. రాయలేకపోతే ఆ ప్రశ్న కొట్టేయండి. మొదటిసారి ఈ పని చేసినప్పుడు మా పీజీ ప్రశ్నావళి నాలుగు పేజీల నుంచి పేజీన్నరకు దిగింది.

టాపిక్ ఎంచుకోవడం

"కౌమార బాలికల్లో నెలసరి సమస్యలు" అని సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) మీద రాసుకొస్తే వెనక్కి పంపేస్తాను. నొప్పి, ఎక్కువ బ్లీడింగ్, క్రమం తప్పడం, మొటిమలు, తెల్లబట్ట, ప్యాడ్ల వాడకం అన్నీ ఒకే గంపలో వేస్తే ఇరవై పట్టికలు వస్తాయి, ఒక్క మాటా తేలదు. ఒకటే పట్టుకోండి. నొప్పి వల్ల నెలకు ఎన్ని రోజులు బడి మానేస్తున్నారు? ఎక్కువ బ్లీడింగ్ అయ్యే అమ్మాయిల్లో ఎంతమందికి రక్తహీనత ఉంది? పెద్దమనిషై రెండేళ్ళయిన పిల్లలకు ఎన్ని రోజులకోసారి వస్తోంది? వీటిలో ఏదైనా ఒక థీసిస్‌కు సరిపోతుంది.

తర్వాత ఎక్కడ చేస్తారన్నది. ఓపీకి వచ్చే అమ్మాయి సమస్య ముదిరాకే వస్తుంది. అదీ వాళ్ళమ్మ ఆ రోజు కూలి వదులుకుని తీసుకొస్తేనే. కాబట్టి ఓపీలో లెక్కపెట్టి, జిల్లాలో ఇంత శాతం అమ్మాయిలకు ఈ సమస్య ఉందని చెప్పడానికి వీల్లేదు. బడికి వెళ్తే ఆ తప్పు తప్పుతుంది కానీ ఇంకొకటి వచ్చి పడుతుంది. మీరు వెళ్ళిన రోజు బడికి రానిదెవరు? మొదటి రోజు నొప్పితో ఇంట్లో ముడుచుకుని పడుకున్న పిల్ల. అంటే మీకు అందరికంటే ఎక్కువ కావలసిన అమ్మాయే మీ లెక్కలో లేదు. అందుకే హాజరు పట్టీ చూసి, రానివాళ్ళ కోసం పది రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాలి. చదువు మానేసినవాళ్ళు, పెళ్ళయి వెళ్ళిపోయినవాళ్ళు ఎలాగూ దొరకరు. ఆ మాట పరిమితుల్లో దాచకుండా రాయండి.

శాంపిల్ సైజు దగ్గర పీజీలు అనవసరంగా భయపడతారు. మనందరికీ తెలిసిన నాలుగు పీ క్యూ బై ఎల్ స్క్వేర్ చాలు: పీ అంటే ఇంతకుముందు తేలిన శాతం, క్యూ అంటే వందలో మిగిలింది, ఎల్ అంటే మనం ఒప్పుకునే తేడా. ఉదాహరణకు, ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిలు 460 మంది మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే అండాశయ సమస్య) 9.13 శాతం అని తేలింది. దాన్ని తీసుకుని, మూడు శాతం అటూ ఇటూ చాలనుకుంటే 369 మంది కావాలి. కానీ మీరు ఇంటింటికీ తిరగరు, మూడు నాలుగు హాస్టళ్ళకు వెళ్తారు. ఒకే హాస్టల్ పిల్లలు ఒకే అన్నం తిని, ఒకే వేళకు పడుకుంటారు కాబట్టి కొంతవరకు ఒకేలా ఉంటారు. దానికి ఒకటిన్నర రెట్లు చేస్తే 554. పదిలో ఒకరు కుదరదంటారు అనుకుంటే 616. ఇంతే లెక్క. "గత థీసిస్‌లో వంద మందిని తీసుకున్నారు, నేనూ వందే" అనేది లెక్క కాదు.

ఎవరికి ఏది నార్మల్

ఎక్కువ థీసిస్‌లు ఇక్కడే పాడవుతాయి. పెద్దవాళ్ళ కొలతలు తెచ్చి పదమూడేళ్ళ పిల్ల మీద పెడతారు. పెద్దవాళ్ళలో 24 నుంచి 38 రోజుల మధ్య వస్తే మామూలు అంటాం. పెద్దమనిషైన తొలి ఏళ్ళలో 21 నుంచి 45 రోజుల వరకు మామూలే. బ్లీడింగ్ ఏడు రోజులకు మించి కాకూడదు, రోజుకు మూడు నుంచి ఆరు ప్యాడ్లు మామూలు. మీ ఫామ్‌లో వయసు ఒక్కటే ఉండి పెద్దమనిషైన తేదీ లేకపోతే ఈ లెక్కలేవీ కట్టలేరు. పద్నాలుగేళ్ళ అమ్మాయిలు ఇద్దరిలో ఒకరు మూడేళ్ళ కిందటే అయి ఉండొచ్చు, ఇంకొకరు మూడు నెలల కిందట అయి ఉండొచ్చు. వయసు అదే అయినా ఆ ఇద్దరికీ నార్మల్ వేరు.

పీసీఓఎస్ మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకం దీన్ని చక్కగా విడగొట్టింది. మొదటి ఏడాది ఎలా వచ్చినా అది ఎదుగుదలలో భాగమే. ఏడాది దాటి మూడేళ్ళ లోపు 21 రోజుల కంటే తక్కువకో 45 రోజుల కంటే ఎక్కువకో వస్తే క్రమం తప్పినట్టు. మూడేళ్ళు దాటాక ఆ పై హద్దు 35 రోజులు. మొదటి ఏడాది దాటాక ఎప్పుడైనా ఒక్కసారి 90 రోజులు దాటినా పట్టించుకోవాలి. పదిహేనేళ్ళు వచ్చినా పెద్దమనిషి కాకపోయినా, రొమ్ములు ఎదగడం మొదలై మూడేళ్ళు దాటినా కాకపోయినా పరీక్ష చేయాలి.

ఈ వయసులో పీసీఓఎస్ అనాలంటే రెండూ ఉండాలి: క్రమం తప్పడం, పురుష హార్మోను ఎక్కువైన గుర్తులు. పెద్దమనిషై ఎనిమిదేళ్ళు దాటేదాకా స్కాన్‌ను నిర్ధారణకు లెక్కలోకి తీసుకోకూడదు, ఏఎంహెచ్ (అండాశయ హార్మోను) పరీక్షనూ వాడకూడదు. ఎందుకంటే ఆ వయసు అండాశయంలో నీటిబుడగల్లాంటి ఫాలికిల్స్ ఎక్కువగా కనిపించడం సహజం. పైన చెప్పిన 2011 అధ్యయనం పీసీఓఎస్ నిర్ధారణకు వాడే రాటర్‌డ్యామ్ కొలతలతో చేసింది. అందులో స్కాన్ కూడా ఒక కొలత. ఇవాళ అదే పిల్లలకు ఈ కొత్త హద్దులు పెడితే అంకె మారుతుంది. కాబట్టి పాత అధ్యయనంతో మీ శాతాన్ని పోల్చే ముందు ఇద్దరూ ఒకే గజంతో కొలిచారో లేదో చూడండి. రెండు గుర్తుల్లో ఒకటే ఉంటే "ముప్పు ఉంది, మళ్ళీ చూడాలి" అని రాయాలి తప్ప పిల్ల నెత్తిన పీసీఓఎస్ ముద్ర వేయకూడదు. స్కాన్ రిపోర్టులో ఆ నాలుగక్షరాలు చూసిన తల్లి, "దీనికి ఇగ పిల్లలు కారా మేడమ్?" అని పదిహేనేళ్ళ కూతురి ముందే నన్ను అడిగింది. ఆ స్కాన్ అసలు అక్కర్లేనిది.

సంతకం ఎవరిది

సమ్మతి గురించి చెప్పేటప్పుడు నేను ప్రతి పీజీకీ ఖమ్మం సంగతి చెబుతాను. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ అమ్మాయిలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేశారు. అది ఒక అధ్యయనంలో భాగం. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో జరిగింది. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో ఉండే పిల్లలు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవ లేచి 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ కమిటీ అనలేదు. కానీ ఫామ్‌లు తిరగేస్తే వేరే సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, చూసిన 9,543 ఫామ్‌లలో 2,763 మీద వార్డెన్లూ హెడ్మాస్టర్లూ సంతకం పెట్టారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి.

అప్పుడు నేను పీజీని. మా హాస్టల్లో అందరూ టీకా మంచిదా చెడ్డదా అని వాదించుకున్నారు. టీకా మంచిదే, నా కూతురికి వేయించాను కూడా. మంచి టీకానే పేరు పోగొట్టుకుంది, ఆ సంతకాల వల్ల కూడా. ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళకు వెళ్ళి "ఒక అధ్యయనం చేస్తున్నాం" అంటే కొందరు తల్లులు "ఆ సూదిలాంటిదేనా?" అని అడుగుతారు.

కాబట్టి వార్డెన్ సంతకం అనుమతి మాత్రమే, సమ్మతి కాదు. మీరు ఆవరణలోకి రావచ్చని ఆమె చెప్పగలదు. పిల్ల తరఫున ఒప్పుకోలేదు. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం పద్దెనిమిది నిండని అమ్మాయికి తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి కావాలి, దానితో పాటు ఆ అమ్మాయి సొంత ఒప్పుదల కావాలి. దాన్ని మనం అసెంట్ అంటాం. పన్నెండు దాటితే అది కూడా రాతలోనే ఉండాలి. అమ్మానాన్నలు సరేనన్నా పిల్ల వద్దంటే వద్దు. అక్కడితో వదిలేయాలి. ఒకసారి మా పీజీ, వద్దన్న అమ్మాయి దగ్గరికి మూడోసారి వెళ్ళి బతిమాలుతుంటే నేనే పిలిచి కూర్చోబెట్టాల్సి వచ్చింది. సంఖ్య తగ్గుతుందని దాని టెన్షన్.

తల్లిదండ్రులు ఎక్కడ దొరుకుతారు? పిల్లలను చూడటానికి వచ్చే ఆదివారం. టిఫిన్ డబ్బా విప్పి చెట్టు కింద తినిపిస్తుంటారు. వెంటనే కాగితం పట్టుకుని వెళ్ళకండి, తిననివ్వండి. తర్వాత ఒక్కో కుటుంబం దగ్గర కూర్చుని మొత్తం చదివి వినిపించండి. నాలుగు విషయాలు స్పష్టంగా ఉండాలి: సూది పడుతుందా లేదా, రక్తం ఎన్ని చుక్కలు, ఎవరికి చెబుతారు, ఒప్పుకోకపోతే హాస్టల్లో గానీ ఆస్పత్రిలో గానీ ఏ తేడా ఉండదు. వేలిముద్ర వేసేవాళ్ళ పక్కన మీ బృందంలో లేని ఒక సాక్షి ఉండాలి. వార్డెన్‌ను మాత్రం సాక్షిగా పెట్టకండి. ఆమె ముందు ఏ తల్లీ కాదనదు. ఈ పనికి ఎంత సమయం పడుతుందో ముందే లెక్కేసుకోండి. మాకు ఆరు ఆదివారాలు పట్టింది. సినాప్సిస్‌లో "ఒక వారం" అని రాశాం.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క అమ్మాయిని కూడా చేర్చుకోకూడదు, పైలట్ పేరుతో కూడా. మందు ఇచ్చి పోల్చే అధ్యయనమైతే మొదటి అమ్మాయి చేరక ముందే సీటీఆర్ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు చేయాలి. రుసుమేమీ లేదు. మొదలుపెట్టేశాక చేద్దామంటే కుదరదు, 2018 ఏప్రిల్ 1 నుంచి అలాంటివి తీసుకోవడం లేదు. నన్నడిగితే మొదటిసారి చేసేవాళ్ళు మందుల జోలికి పోకుండా పరిశీలనతో సరిపెట్టుకోవడమే మేలు.

అడిగే మాట

పుస్తకం చూసి ప్రశ్నావళిని తెలుగులోకి మార్చుకుంటే "మీ ఋతుచక్రం క్రమబద్ధముగా ఉన్నదా?" అని వస్తుంది. మా పీజీ ఇలాగే అడిగితే తొమ్మిదో తరగతి అమ్మాయి "ఆ మేడమ్, మంచిగనే అయితది" అంది. ఎన్ని రోజులకు అని అడిగితే, "రెండు నెల్లకోసారి, కరెక్టుగ." ఆ పిల్ల చెప్పింది అబద్ధం కాదు. క్రమంగానే వస్తోంది, రెండు నెలలకోసారి. ఇంకో రకం ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. "ఒక్క నెలల రెండుసార్లు అయిన" అని భయపడుతూ చెబుతారు. తేదీలు అడిగితే ఒకటో తారీఖు, ఇరవై తొమ్మిదో తారీఖు. అది ఇరవై ఎనిమిది రోజుల మామూలు నెలసరి. కాబట్టి "క్రమం" అన్న మాటే అడగొద్దు. పోయినసారి తేదీ, అంతకు ముందుసారి తేదీ అడగండి. లెక్క మీరు కట్టుకోండి.

తేదీలు గుర్తుండవు. పండగలు గుర్తుంటాయి. "సద్దుల బతుకమ్మ నాడు ఆడినవా, బయట ఉన్నవా?" అంటే ఠక్కున చెబుతారు. సంక్రాంతి సెలవులు, క్వార్టర్లీ పరీక్షలు, అన్న పెళ్ళి, ఏదైనా సరే. అమ్మాయి వాడే మాట ఏదో ముందే వినండి. మా పక్క "బయట ఉన్న", "ముట్టు", "డేట్ వచ్చింది" అంటారు. ఇంకోచోట "దూరం" అంటారు. టౌన్ పిల్లలు "పీరియడ్స్" అనే అంటారు. "రజస్వల" అన్న మాట అడిగితే మాత్రం మొహం చూస్తారు.

పెద్దమనిషైన తేదీకి ఒక చిట్కా ఉంది. ఆ ఫంక్షన్‌కు ఫ్లెక్సీ కొట్టించి ఉంటారు, ఆల్బమ్ ఉంటుంది, శుభలేఖ కూడా ఉంటుంది. అమ్మ ఫోన్‌లో ఫొటో దొరుకుతుంది, దాని మీద తేదీ ఉంటుంది. ఇది చాలా పనికొచ్చే ఆధారం. కాకపోతే చిన్న మెలిక. ముహూర్తం కుదరకో, డబ్బు సర్దుబాటు కాకో, మేనమామ దుబాయ్ నుంచి రాలేకో ఫంక్షన్ నెలల తర్వాత చేసినవాళ్ళుంటారు. "ఫంక్షన్ ఎప్పుడు చేసినరు?" తర్వాత "అంతకంటే ఎన్ని రోజుల ముందు అయింది?" అని కూడా అడగాలి. మా మొదటి బ్యాచ్‌లో ఆ రెండో ప్రశ్న లేదు. నలభై ఫామ్‌లు మళ్ళీ నింపించాం.

బ్లీడింగ్ కొలవడం అసలైన తలనొప్పి. 1990లో ఇంగ్లండులో తయారైన బొమ్మల చార్ట్ ఒకటి అందరూ వాడతారు. కొద్దిగా తడిసిన ప్యాడ్‌కు 1, సగం తడిస్తే 5, పూర్తిగా తడిస్తే 20. చిన్న గడ్డకు 1, పెద్ద గడ్డకు 5. మొత్తం 100 దాటితే సుమారు 80 మిల్లీలీటర్లకు పైగా పోయినట్టు. ఆ గడ్డల సైజును వాళ్ళు తమ దేశపు పెన్నీ, యాభై పెన్స్ నాణేలతో చెప్పారు. అది అలాగే దించుకున్న థీసిస్‌లు చూశాను. వరంగల్ పక్కన పల్లెలో పిల్లకు పెన్నీ ఏమిటి? మేం రూపాయి బిళ్ళ, పది రూపాయల బిళ్ళ చేతిలో పెట్టి చూపించాం. సైజులు దగ్గరగా సరిపోతాయి. ఇలా మార్చినట్టు పద్ధతుల విభాగంలో రాయాలి.

ఇక ప్యాడ్ల లెక్క దగ్గర జాగ్రత్త. రోజుకు రెండే మారుస్తుందంటే బ్లీడింగ్ తక్కువనుకోకండి. బడి టాయిలెట్‌కు గడియ లేకనో, పారేయడానికి డబ్బా లేకనో పొద్దున పెట్టుకున్నది సాయంత్రం దాకా ఉంచుకుంటుంది. ఆరు మారుస్తుందంటే ఎక్కువవుతుందనీ కాదు, శుభ్రం కోసం కావచ్చు. బట్ట వాడేవాళ్ళకు ఈ చార్ట్ సరిపోనే సరిపోదు. అందుకే మేం మూడు అదనపు ప్రశ్నలు పెట్టుకున్నాం: రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తుందా, బట్టలకు, పక్కకు మరకలవుతాయా, వారం దాటి అవుతుందా. ఈ మూడింటికీ అవునంటే చార్ట్ అంకె ఎంతైనా ఆ అమ్మాయి హిమోగ్లోబిన్ చూస్తాం.

అడిగేది ఒంటరిగా ఉన్నప్పుడే. స్నేహితురాలు కూడా పక్కన ఉండకూడదు. మేం సైన్స్ ల్యాబ్ అడిగి తీసుకున్నాం. తలుపు సగం తెరిచి, కిటికీకి చీర కట్టి, మాట బయటికి వినపడకుండా, మనిషి కనపడేలా. ఓపీలో అయితే తల్లిని రెండు నిమిషాలు బయట కూర్చోమనాలి. "బరువు చూడాలమ్మా" అని చెప్పి అమ్మాయిని పక్కకు తీసుకెళ్ళడం ఒక దారి. నాకది నచ్చదు. "ఈ వయసు పిల్లలతో కాసేపు విడిగా మాట్లాడటం మాకు అలవాటు, అందరితో ఇలాగే చేస్తాం" అని తల్లికి ముందే చెబితే దాదాపు అందరూ లేస్తారు.

రక్తపరీక్ష, స్కాన్

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59.1 శాతానికి రక్తహీనత ఉంది. కాబట్టి మీ వందమందిలోనూ సగానికి పైగా దొరకవచ్చు. దాన్ని మొత్తం బ్లీడింగ్ ఖాతాలో వేయకండి. ఆకలి, నులిపురుగులు, తిన్న వెంటనే టీ, అన్నీ ఉంటాయి. బడిలో వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకుంటోందా, వేసుకున్నట్టు నటించి కిటికీలోంచి పారేస్తోందా అడగాలి. ఆల్బెండజోల్ ఎప్పుడు వేసుకుందో కూడా. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు, ఆ తర్వాత వెళ్ళారా ముందు వెళ్ళారా అన్నది ఫామ్‌లో ఉండాలి. వేలికి గుచ్చితే పిండకండి, పిండితే నీరు కలిసి అంకె తప్పుతుంది. వీలైతే నరం నుంచే తీయండి.

పన్నెండు దాటిన అమ్మాయికి 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత, 8 కంటే తక్కువైతే తీవ్రం. ఆ తీవ్రమైనవాళ్ళను ఏ రోజు, ఏ వాహనంలో, ఎవరితో ఆస్పత్రికి పంపిస్తారో ముందే తేల్చుకుని ఉండాలి. మాకు రెండో రోజే 6.4 వచ్చింది. ఎనిమిదో తరగతి. పెద్దమనిషైన నాటి నుంచీ పది పన్నెండు రోజులు అవుతోంది. తల్లి మాత్రం నింపాదిగా, "మా ఇంట్ల అందరికీ ఇట్లనే అయితది మేడమ్" అంది. ఆ మాట వినగానే నేను ఫామ్ పక్కన పెట్టి చిన్నప్పుడు ముక్కు నుంచి రక్తం కారేదా, పన్ను పీకించినప్పుడు రక్తం ఆగకుండా కారిందా అని అడిగాను. రెండూ ఉన్నాయి. ఇంట్లో అందరికీ ఉందంటే అది మామూలని కాదు, వంశపారంపర్యం కావచ్చని. ఇలాంటి పిల్లకు వాన్ విల్లెబ్రాండ్ (రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్) పరీక్ష చేయించాలి. ఒక్కసారి నార్మల్ వచ్చిందని వదిలేయకూడదు కూడా. ఒత్తిడిలో, ఒంట్లో బాగాలేనప్పుడు, ఈస్ట్రోజెన్ వాడుతున్నప్పుడు ఆ అంకె పైకి లేస్తుంది. "ఓ" (O) గ్రూపు రక్తం వాళ్ళకు సహజంగానే కొంచెం తక్కువగా ఉంటుంది.

స్కాన్ అవసరమైతే పొట్ట పైనుంచి, మూత్రాశయం నిండుగా. లోపలి పరీక్ష ఈ అధ్యయనాల్లో దేనికీ అక్కర్లేదు. ఏ పరీక్షకైనా ఆడ సిబ్బంది ఒకరు పక్కన ఉండాలి, మీరు ఆడ డాక్టరైనా సరే.

అనుకోని జవాబు

కొన్నిసార్లు మీరు అడగని సంగతి చెబుతారు. బాబాయి గురించో, ఆటో నడిపే అబ్బాయి గురించో, వచ్చే నెల పెళ్ళి అని. పద్దెనిమిది లోపు అమ్మాయి మీద లైంగిక నేరం జరిగిందని తెలిశాక దాచడానికి చట్టం ఒప్పుకోదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకో ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలియజేయాలి, చెప్పకపోతే అది కూడా నేరమే. ఇష్టపడి జరిగిందా లేదా అన్నది ఆ వయసులో చట్టం చూడదు. కాబట్టి "నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పను" అని అసెంట్ ఫామ్‌లో రాశారంటే మీరు నిలబెట్టుకోలేని మాట ఇచ్చారన్నమాట. మా ఫామ్‌లో ఇలా ఉంది: "నువ్వు చెప్పినవి మేం బయటపెట్టం. కానీ నీకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే నిన్ను కాపాడటానికి కొందరికి చెప్పాల్సి వస్తుంది. అలా చెప్పే ముందు నీతో మాట్లాడతాం." ఇది మొదటి ప్రశ్న కంటే ముందే చదివి వినిపిస్తాం.

గర్భం తేలితే దారి వేరు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, మైనర్ అమ్మాయి, ఆమె సంరక్షకులు కోరితే, గర్భస్రావం చేసే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరూ వివరాలూ వెల్లడించనక్కర్లేదు. ఈ సంగతి చాలామంది డాక్టర్లకే తెలియదు. భయపడి అమ్మాయిని వెనక్కి పంపేస్తారు, ఆ పిల్ల ఏ ఊళ్ళోనో ఏ మాత్రలో మింగుతుంది. బాలల హెల్ప్‌లైన్ 1098 అన్న అంకె మా ప్రతి ఫామ్ చివర చింపుకుని తీసుకెళ్ళే ముక్క మీద ఉంటుంది. బాల్యవివాహానికైనా అదే నంబరు.

లైంగిక సంబంధాల గురించి నేరుగా అడగాలా అంటే, మీ అసలు ప్రశ్నకు అది అవసరమైతేనే. రక్తహీనత థీసిస్‌కు అక్కర్లేదు. ఉంటే మంచిదేమో అని పెట్టిన ప్రశ్న వల్ల ఒక పిల్ల జీవితం తారుమారైతే మీ పట్టికలో ఒక గడి నిండుతుంది, అంతే.

రాసేటప్పుడు

పేర్లున్న జాబితా ఒక చోట, నంబర్లతో ఉన్న వివరాలు ఇంకో చోట. పేర్ల జాబితా గైడ్ బీరువాలో, మీ ఫోన్‌లో కాదు. వాట్సాప్ గ్రూప్‌లో ఫామ్‌ల ఫొటోలు పెట్టడం చూశాను, అది చూసి నాకు ఆ రోజు అన్నం సహించలేదు. చిన్న హాస్టల్‌లో "8వ తరగతి, 6.4 గ్రాములు" అని రాస్తే పేరు లేకపోయినా అందరికీ తెలిసిపోతుంది. ఇక్కడ నేను రాసిన పిల్లల తరగతులూ కొన్ని వివరాలూ మార్చాను.

ఫలితాలు థీసిస్‌లో ముద్రించి ఊరుకోకుండా ఆ బడికి తిరిగి వెళ్ళి చెప్పండి, ఎవరికీ పేరు తగలకుండా. ఒక హాస్టల్లో "రాత్రి మార్చుకోవడానికి లేస్తే లైటు ఉండదు" అని సగం మంది చెప్పారు. ఆ ఒక్క మాట ప్రిన్సిపాల్‌కు చెబితే టాయిలెట్ దారిలో బల్బు పెట్టించారు. థీసిస్ గైడ్‌గా నా జీవితంలో వెంటనే ఫలితం కనిపించిన పరిశోధన అదొక్కటే.

వైవాలో ఎక్స్‌టర్నల్, "ఇంతమందిని చూసి స్కాన్ ఎందుకు చేయలేదు?" అని తప్పకుండా అడుగుతారు. పెద్దమనిషై ఎనిమిదేళ్ళు దాటేదాకా స్కాన్ లెక్కలోకి రాదన్న మాట చెప్పండి. మా పీజీ చెబితే ఆయన ఒక్క క్షణం ఆగి, తర్వాతి పేజీ తిప్పారు.

చివరగా, బడికి బయల్దేరే రోజు సంచిలో ఏముండాలంటే: ఫామ్‌లు, అదనంగా పది, రూపాయి బిళ్ళ, పది రూపాయల బిళ్ళ, పండగలకు ఎర్రగీత పెట్టిన తెలుగు క్యాలెండర్, కిటికీకి కట్టే చీర, దారం, గుచ్చే సూదులు, వాడినవి వేయడానికి గట్టి డబ్బా, కళ్ళు తిరిగే పిల్ల కోసం గ్లూకోజ్, బిస్కెట్లు, ఆస్పత్రికి పంపే చీటీలు, వాటి మీద మీ ఓపీ రోజులు, మీ గది నంబరు, నొప్పికి వేసే మాత్రలు, ఎవరికెన్ని ఇచ్చారో రాసే చిన్న పుస్తకం, ప్యాడ్ల ప్యాకెట్లు రెండు కాదు, ఆరు. ప్రతిసారీ ముందు అయిపోయేది అవే.